కిండిల్‌లో సాఫ్ట్‌వేర్ మాన్యువల్ చదవాలంటే పీడీఎఫ్‌తో మొదలుపెట్టకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రోజూ విజయనగరం నుంచి విశాఖకి రైల్లో వెళ్లొస్తారు, కోరుకొండ దాటాక ఫోన్‌కి సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఆ గంట వృథా పోకూడదని పాత 6 అంగుళాల కిండిల్ ఒకటి కొన్నారు, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ పీడీఎఫ్ అందులో వేస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఈ-పుస్తకాల్ని మార్చే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలుగా మార్చి చూస్తే కోడ్ అంతా ముద్దయిపోయింది, వాక్యం మధ్యలో పేజీ నంబర్లు కాలికి రాయిలా తగులుతున్నాయి. పది అంగుళాల రీడర్ కొనాలా, లేక కాలిబర్‌లో ఏదైనా సెట్టింగ్ మార్చాలా అని.

కొనక్కర్లేదు మాస్టారూ. కాలిబర్ తప్పు కూడా కాదు. పీడీఎఫ్‌తో మొదలుపెట్టడం దగ్గరే తేడా వచ్చింది. నేను శ్రీకాకుళంలో ఇంటి నుంచే పనిచేస్తాను, పన్నెండేళ్లుగా ఇలాంటి మాన్యువళ్లు రీడర్‌లోకి ఎక్కించుకుని చదువుతున్నాను, మొదటి రెండేళ్లు అచ్చం మీరు చేసిందే చేసి విసిగిపోయాను. మార్చడం అన్నది ఒక్క బటన్ పని. దానికి ముందు ఏ సరుకు తెచ్చుకున్నాం, దాన్ని ఎంత శుభ్రం చేశాం అన్నదే అసలు పని, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ముందు పీడీఎఫ్ ఎందుకు మాట వినదో చూడండి. దానికి పేరా అంటే ఏటో తెలీదు. ఫలానా అక్షరం కాగితం మీద ఎడమ నుంచి ఇంత, కింద నుంచి ఇంత దూరంలో పెట్టు, అంతవరకే దానికి తెలుసు. లోపల ట్యాగులు పెట్టి జాగ్రత్తగా తయారుచేసిన పీడీఎఫ్‌లు కొన్ని ఉంటాయి గానీ వాటిని నమ్ముకుని కూర్చోలేం. ఇప్పుడు లెక్క వేయండి. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, మీ 6 అంగుళాల తెర వెడల్పు 91 మిల్లీమీటర్ల దగ్గర. పేజీ వెడల్పంతా తెరలో పట్టాలంటే 43 శాతానికి కుంచించుకుపోవాలి, అంటే 10 పాయింట్ల అక్షరం 4.3 పాయింట్లవుతుంది. మందుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం చదివినట్టే. పోనీ మార్చేద్దాం అనుకుంటే, మార్చే సాఫ్ట్‌వేర్ ఏ అక్షరం పక్కన ఏది ఉందో చూసి, ఇది పేరా అయ్యుంటుంది, ఇది శీర్షిక అయ్యుంటుంది అని ఊహించుకోవాలి. పేజీ నంబరూ, పేజీ పైన వచ్చే అధ్యాయం పేరూ కూడా దాని కంటికి మామూలు అక్షరాలే, అందుకే అవి వాక్యం మధ్యలోకి వచ్చి పడ్డాయి. కోడ్ సంగతి ఇంకా ఘోరం. పీడీఎఫ్‌లో వరస మొదట్లో ఉండే ఖాళీలు చాలాసార్లు ఖాళీలుగా ఉండవు, ఆ వరస కాస్త కుడివైపు మొదలవుతుంది, అంతే. మార్చినప్పుడు ఆ జరుగుడు ఎగిరిపోతుంది. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ అయితే ఎలాగోలా అర్థమవుతుంది, పైథాన్ భాషలో ఇండెంటేషన్, అంటే ఆ వరస మొదటి ఖాళీలు, పోయిందంటే అర్థమే మారిపోయింది.

ఈపబ్ వేరే జాతి. ఆ ఫైలు పేరు చివర ఈపబ్ తీసేసి జిప్ అని పెట్టి విప్పి చూడండి ఒకసారి, భయమేం లేదు. లోపల ఉండేవి వెబ్ పేజీలే: విషయం ఉండే కొన్ని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు, అది ఎలా కనిపించాలో చెప్పే ఒక సీఎస్ఎస్, బొమ్మలు, ఏది ముందు ఏది వెనక అని చెప్పే ఒక జాబితా. 2007లో ప్రమాణంగా వచ్చింది, 2011లో మూడో వెర్షన్, 2017 నుంచి వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ చేతిలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ దాదాపు అంతా పుట్టడమే వెబ్ పేజీగానో, వెబ్ పేజీకి తల్లిలాంటి సాదా టెక్స్ట్‌గానో పుడుతుంది. దాన్ని కాగితం మీదకి ఎక్కించి పీడీఎఫ్ చేశారు. ఆ కాగితం మీంచి మళ్లీ మనం వెనక్కి గీకడం దేనికి? రెండడుగులు వెనక్కి నడిచి, అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్లడం మేలు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది. ఎవరైనా ఆ పని ఇప్పటికే చేసిపెట్టారేమో చూడండి. నవ్వకండి, నేనే ఒక శనివారం అంతా కూర్చుని పైథాన్ డాక్యుమెంటేషన్‌ని సైటు నుంచి లాగి శుభ్రం చేశాను, సాయంత్రం తెలిసింది, వాళ్ల డౌన్‌లోడ్ పేజీలోనే ఈపబ్ ఉందని. పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోకి కూడా ఉంది. డాక్యుమెంటేషన్ పెట్టుకునే రీడ్ ద డాక్స్ అనే సైటులో ఉండే ప్రాజెక్టులకైతే పేజీలో ఒక మూల వెర్షన్ పేరు కనిపించే చోట నొక్కండి, ఆ ప్రాజెక్టు వాళ్లు ఆన్ చేసి ఉంటే పీడీఎఫ్‌తో పాటు ఈపబ్ కూడా కనిపిస్తుంది.

రెడీగా దొరికినవి కూడా నేను నేరుగా వాడను. దానికి కారణం స్ఫింక్స్. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసమే గేయార్గ్ బ్రాండల్ 2008లో తెచ్చిన సాధనం ఇది, ఇవాళ పైథాన్ లోకంలో సగానికి సగం మాన్యువళ్లు దీంతోనే తయారవుతాయి అంటే పెద్ద అతిశయోక్తి కాదు. దీంట్లో ఈపబ్ తయారీ లోపలే ఉంది, సోర్స్, అంటే ప్రాజెక్టు మూల ఫైళ్లు, తెచ్చుకుని డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లోకి వెళ్లి మేక్ అని, పక్కన ఈపబ్ అని కొడితే చాలు. కానీ డిఫాల్ట్ సెట్టింగుల్లో ఒక చిక్కుంది. ప్రతి లింకు పక్కన దాని పూర్తి చిరునామా వాక్యంలోనే అచ్చేస్తుంది, ఆరంగుళాల తెర మీద ఒక్కో చిరునామా రెండు వరసలు తింటుంది, చదువుతున్న వాక్యం ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలి. స్ఫింక్స్ సెట్టింగులుండే కాన్ఫ్ ఫైల్లో ఈపబ్ షో యూఆర్‌ఎల్స్ అనే సెట్టింగ్ ఉంటుంది, దానికి నో అని పెట్టండి. కోడ్‌కి రంగులు ఎంచుకునే పిగ్మెంట్స్ స్టయిల్ అన్న చోట బీడబ్ల్యూ అని పెట్టండి, ఇది నలుపు తెలుపు స్టయిల్. విషయసూచిక లోతు మామూలుగా 3 ఉంటుంది, పెద్ద మాన్యువల్ అయితే 2 చేసుకోండి, లేకపోతే కిండిల్‌లో సూచిక తిప్పడానికే అలమండ స్టేషన్ వచ్చేస్తుంది.

మీ పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ స్ఫింక్స్‌తో చేసింది కాదు, డాక్‌బుక్ అనే ఇంకో పద్ధతిలో రాసింది. దాని సోర్స్‌లో డాక్ అనే ఫోల్డర్, అందులో ఎస్ఆర్‌సీ, అందులో ఎస్‌జీఎంఎల్ అని ఉంటుంది (పేరు పాతది, లోపల ఉన్నది ఇప్పుడు ఎక్స్‌ఎంఎల్). అక్కడ కూడా ఈపబ్ తయారుచేసే దారి ఉంది, డాక్‌బుక్ ఉపకరణాలు మీ లినక్స్‌లో వేసుకోవాలి, మొదటిసారి అరగంట తలనొప్పి ఉంటుంది. విండోస్‌లో చేసేవాళ్లయితే లోపల లినక్స్ పెట్టుకోవడం బేగి అవుతుంది, నేరుగా విండోస్ మీద ఈ ఉపకరణాలతో కుస్తీ పట్టొద్దు.

ఒకవేళ డాక్యుమెంటేషన్ మార్క్‌డౌన్ (చిన్న చిన్న గుర్తులతో రాసే సాదా టెక్స్ట్) ఫైళ్లుగా ఉంటే, ఒక రకం ఫైలుని ఇంకో రకంగా మార్చే పాండాక్ వాడండి. జాన్ మెక్‌ఫార్లేన్ అని బర్క్‌లీలో ఫిలాసఫీ ప్రొఫెసర్, ఆయన 2006లో మొదలుపెట్టిన పని ఇది. ప్రోగ్రామర్ ఉద్యోగం చేయని మనిషి రాసిన సాధనం మీద ఇవాళ ప్రోగ్రామర్లందరూ బతుకుతున్నారు, నాకది ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఫైళ్లన్నీ వరసగా ఇస్తే ఈపబ్ చేసేస్తుంది, కానీ ఆ వరస మీరే ఇవ్వాలి. అక్షర క్రమంలో ఇచ్చారంటే ఇన్‌స్టలేషన్ కంటే ముందు అడ్వాన్స్‌డ్ వచ్చి కూర్చుంటుంది. మార్క్‌డౌన్‌తో డాక్యుమెంటేషన్ సైటు తయారుచేసే ఎంకేడాక్స్ వాడిన ప్రాజెక్టు అయితే దాని సెట్టింగ్స్ ఫైల్లో న్యావ్ కింద సరైన వరస రాసి ఉంటుంది, అది చూసి ఇవ్వండి.

పాండాక్‌లో మూడు చోట్ల కాలు జారుతుంది. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి ఉన్న లింకులు కలిపాక తెగిపోతాయి. నోట్, వార్నింగ్ డబ్బాలు ఎంకేడాక్స్‌లో మూడు ఆశ్చర్యార్థకాలతో మొదలవుతాయి, పాండాక్‌కి ఆ సంగతి తెలీదు, వాటిని అలాగే అచ్చేస్తుంది, పుస్తకం అంతా ఎవరో అరుస్తున్నట్టు ఉంటుంది. దానికి ముందే ఒక చిన్న వెతుకు-మార్చు స్క్రిప్ట్ నడిపి మామూలు కోట్ పేరాగా మార్చుకోండి. మూడోది బయటికి కనబడని ప్రమాదం. మార్క్‌డౌన్ చదివేటప్పుడు పాండాక్ డిఫాల్ట్‌గా విరామ చిహ్నాలకి సోకులు చేస్తుంది: పక్కపక్కన ఉన్న రెండు చిన్న అడ్డగీతల్ని కలిపి ఒక పొడుగు గీత చేస్తుంది, నిటారు కొటేషన్లని వంపు కొటేషన్లు చేస్తుంది. కోడ్ డబ్బాల్లో చేయదు గానీ, మామూలు వాక్యంలో ఎవరైనా కమాండ్ ఆప్షన్‌ని కోడ్ గుర్తులు పెట్టకుండా రాశారో, అయిపోయింది. రైల్లో చదివి గుర్తుపెట్టుకుని, ఆఫీసుకి వెళ్లి ఒక అడ్డగీతతో కొట్టి, ఎర్రర్ చూసి బుర్ర గోక్కుంటారు. స్మార్ట్ అనే ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఆపేయండి. కాలిబర్‌లో కూడా ఇలాంటిదే స్మార్టెన్ పంక్చుయేషన్ అని ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. హ్యూరిస్టిక్ ప్రాసెసింగ్ అనేది కూడా ఆపే ఉంచండి, అది నవలలకి పనికొస్తుంది, మనకి కాదు.

సోర్స్ దొరకదు, వెబ్‌సైటు ఒక్కటే ఉంది అన్నప్పుడు కష్టం మొదలవుతుంది.

సైటుని డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌తో దించుకోవచ్చు. లింకులు మన ఫోల్డర్‌కి తగ్గట్టు మార్చమని, పై ఫోల్డర్లలోకి ఎక్కొద్దని, ఒక పేజీకీ ఇంకో పేజీకీ మధ్య కనీసం ఒకట్రెండు సెకన్లు ఆగమని ఆప్షన్లు ఇవ్వండి. ఈ ఆగమనడం మర్యాద కోసమే కాదు. ఒకప్పుడు పనిచేసిన ఆఫీసులో, మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ, ఆగకుండా లాగమని పెట్టి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆ సైటు వాళ్లు మా ఆఫీసు నెట్ మొత్తాన్నీ బ్లాక్ చేశారు, టీంలో పదిహేను మందికి ఆ డాక్యుమెంటేషన్ తెరుచుకోవట్లేదు, అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు, నేను మాత్రం చాలా శ్రద్ధగా మజ్జిగ తాగుతున్నాను. రెండ్రోజులకి దానంతటదే తీసేశారు కాబట్టి బతికిపోయాను. ఇంకోటి, కొన్ని కొత్త సైట్లలో పేజీ అంతా జావాస్క్రిప్ట్‌తో బ్రౌజర్‌లోనే తయారవుతుంది, వాటిని డబ్ల్యూగెట్‌తో లాగితే ఖాళీ చట్రం వస్తుంది, ఫైలు సైజు చూస్తేనే తెలిసిపోతుంది.

దించాక అలాగే మార్చేయకండి. ఒక్కో పేజీలో పైన మెనూ, ఎడమ పక్క మొత్తం సైటు సూచిక, కుడి పక్క ఈ పేజీ సూచిక, కింద ఎడిట్ చేయండి, ఇది ఉపయోగపడిందా, ముందు పేజీ, తర్వాత పేజీ. ఐదొందల పేజీల సైటు అయితే ఆ సూచిక ఐదొందల సార్లు వస్తుంది. మా పొందూరు ఖద్దరు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అంత సన్నం నూలు రావడానికి రాట్నం ఒక్కటే కారణం కాదు, వడకడానికి ముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చెత్తా చెదారం లేకుండా చేస్తారు. ఈ పని కూడా అలాంటిదే. ప్రతి పేజీలో అసలు విషయం ఉండే ట్యాగ్ ఒకటి ఉంటుంది, చాలా సైట్లలో దాని పేరు మెయిన్ లేదా ఆర్టికల్. పైథాన్‌లో వెబ్ పేజీని ట్యాగులుగా విడదీసే బ్యూటిఫుల్ సూప్ వాడి, ఆ ట్యాగ్ ఒక్కటి ఉంచి మిగతాదంతా పారేసే స్క్రిప్ట్ ముప్పై వరసలు కూడా అవ్వదు. శీర్షికల పక్కన వచ్చే చిన్న పేరా గుర్తు లింకులు, కోడ్ మూలన ఉండే కాపీ బటన్లు కూడా అదే దెబ్బకి పోవాలి. ఈ స్క్రిప్ట్ ఒకసారి రాసుకుంటే సైటు మారినప్పుడల్లా రెండు వరసలు మారిస్తే సరిపోతుంది, నాది ఇప్పటికి ఏ ఇరవై సైట్లకో వాడాను.

శుభ్రం చేసిన పేజీల్ని కాలిబర్‌కి ఇచ్చేటప్పుడు దానంతట దాన్ని లింకులు పట్టుకుని తిరగనివ్వకండి. మొదటి పేజీలో ఏ లింకు కనిపిస్తే దాని లోతుకంటా దూకి, అక్కడి నుంచి ఇంకోదానికి దూకి, తొమ్మిదో అధ్యాయాన్ని రెండో అధ్యాయం పొట్టలో పెడుతుంది. మీరే ఒక సాదా సూచిక పేజీ రాయండి, అందులో అధ్యాయాల లింకులు మీకు కావాల్సిన వరసలో ఉండాలి, లింకుల లోతు 1 అని పెట్టి ఆ ఒక్క పేజీనే కాలిబర్‌కి చూపించండి. కాలిబర్‌ని కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టింది సోనీ రీడర్ లినక్స్‌లో పనిచేయట్లేదని, అంటే మనలాంటి వాడే, అందుకేనేమో ప్రతిదానికీ ఒక ఆప్షన్ ఉంటుంది, ఆ ఆప్షన్ ఎక్కడుందో వెతకడమే మన పని. ఎక్కువసార్లు చేసేవాళ్లకి కిటికీలు తెరిచి నొక్కడం కంటే దాని ఈబుక్-కన్వర్ట్ కమాండే సుఖం, ఆప్షన్లన్నీ ఒక ఫైల్లో రాసుకుని దాచుకోవచ్చు.

ఇక కోడ్. అందరూ వదిలేసేది ఇక్కడే, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

పైథాన్ వాళ్ల స్టయిల్ నియమం ప్రకారం వరసకి 79 అక్షరాల దాకా ఉండొచ్చు. 6 అంగుళాల తెర మీద, నిలువుగా పట్టుకుని, కళ్లు లాగకుండా చదవగలిగే సైజులో, సమ వెడల్పు ఫాంట్‌లో నాకు నలభై, నలభై రెండు అక్షరాలు పడతాయి. అంటే సగం వరసలు పట్టవు. ఏమీ చేయకపోతే కొన్ని రీడర్లు మిగతా సగాన్ని అంచు దగ్గర కోసేస్తాయి, అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా మీకు తెలీదు. కాబట్టి సీఎస్ఎస్‌లో, కోడ్ ఉండే ప్రీ ట్యాగ్‌కి వైట్-స్పేస్ దగ్గర ప్రీ-రాప్ అని పెట్టడం తప్పనిసరి, ఇది కాలిబర్‌లో ఎక్స్‌ట్రా సీఎస్ఎస్ అన్న చోట రాసుకోవచ్చు. దీంతో వరస తెగిపోకుండా కిందకి మడత పడుతుంది.

అయితే మడత పడిన ముక్క మళ్లీ ఎడమ అంచు నుంచి మొదలవుతుంది. ఎస్‌క్యూఎల్‌లో నష్టం లేదు. పైథాన్‌లో మాత్రం అది కొత్త వరసలా కనిపిస్తుంది, ఫంక్షన్ అయిపోయిందేమో అనిపిస్తుంది. నేను చేసేది ఏటంటే, మార్చడానికి ముందే స్క్రిప్ట్‌లో 42 అక్షరాలు దాటిన ప్రతి వరసనీ నేనే విరిచి, విరిగిన ముక్క ముందు అసలు వరస ఇండెంటేషన్ కంటే రెండు ఖాళీలు ఎక్కువ పెట్టి, ఒక వంపు బాణం గుర్తు పెడతాను. ఆ బాణం కనిపిస్తే ఇది పై వరస తోకే అని కంటికి తెలిసిపోతుంది. ఆ బాణం మీ కిండిల్ ఫాంట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే డబ్బా కనిపిస్తుంది, అప్పుడు మామూలు గుర్తు ఏదైనా పెట్టుకోండి. ఇంత ఓపిక లేకపోతే కోడ్ ఎక్కువున్న అధ్యాయాలు అడ్డంగా తిప్పి చదవండి, అదీ దారే.

కోడ్ సైజు మామూలు అక్షరంలో 80 నుంచి 85 శాతం పెట్టండి. జస్టిఫై చేయకండి, ఎడమకి సర్ది వదిలేయండి, లేకపోతే కుడి అంచు సమానం చేయడానికి పదాల మధ్య ఖాళీలు సాగుతాయి, ఆ ఖాళీల్లో అర్థం ఉందని దానికి తెలీదు. పదాల్ని విరిచి మధ్యలో గీత పెట్టే హైఫనేషన్‌ని కోడ్‌లో ఖచ్చితంగా ఆపండి, వేరియబుల్ పేరులో లేని గీత వచ్చి చేరుతుంది.

రంగులు. ఈ-ఇంక్ తెర చూపించేది 16 బూడిద ఛాయలు. వెబ్‌సైట్లో ఆకుపచ్చగా అందంగా ఉండే కామెంట్ ఇక్కడ లేత బూడిదై, మధ్యాహ్నం కిటికీ పక్క సీట్లో కూర్చుంటే అసలు కనిపించదు. చదువుకునేవాడికి కోడ్‌లో అన్నిటికంటే ఉపయోగపడేదే కామెంట్, మాయమయ్యేది అదే. రంగులన్నీ తీసేసి నలుపు ఉంచండి, కీవర్డ్‌లకి బొద్దు, కామెంట్లకి వాలు. కోడ్ వెనక బూడిద నేపథ్యం కూడా వద్దు, ఎడమ పక్క ఒక సన్నని నిలువు గీత చాలు.

టేబుళ్ల గురించి నాకు మంచి మాట లేదు. రెండు కాలమ్‌లుంటే పర్వాలేదు. నాలుగు దాటితే ఒక్కో కాలమ్‌లో ఒక్కో పదం నిలువుగా నిలబడుతుంది. కాలిబర్‌లో లీనియరైజ్ టేబుల్స్ అని ఒక ఆప్షన్ ఉంది, గళ్లన్నీ విప్పి మామూలు పేరాలు చేస్తుంది, అప్పుడు ఏ విలువ ఏ శీర్షిక కిందదో మీరే గుర్తుపెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్ తొమ్మిదో అధ్యాయం, ఫంక్షన్లూ ఆపరేటర్లూ, అదంతా టేబుళ్లే. నా సలహా, దాన్ని కిండిల్‌లో పెట్టకండి. అది చదివే అధ్యాయం కాదు, వెతుక్కునే అధ్యాయం, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు వెతుక్కోండి.

బొమ్మలుంటే పీఎన్‌జీ చేసి బూడిద రంగులోకి మార్చండి. 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఉన్న 6 అంగుళాల కిండిల్‌కి తెర వెడల్పు 1072 పిక్సెళ్లు, అంతకంటే పెద్ద బొమ్మ దండగ. రంగు గీతలతో గ్రాఫ్ ఉంటే ఏ గీత ఏదో తేలదు, దానికి మందు లేదు.

అసలు ఏది పెట్టాలి, ఏది వదలాలి అన్నది కూడా ముఖ్యమే. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ మొత్తం పెడితే కిండిల్ దాన్ని వెతకడానికి సూచీ తయారుచేసుకుంటూ మొదటి రోజంతా బ్యాటరీ తింటుంది, పేజీ తిప్పితే నత్తలా కదులుతుంది. పైగా అంత పెద్ద పుస్తకంలో ఎక్కడున్నామో తెలీక మనకే నీరసం వస్తుంది. నేను అధ్యాయాల్ని చిన్న పుస్తకాలుగా విడగొడతాను. మీకైతే 11 ఇండెక్సులు, 13 కాన్‌కరెన్సీ కంట్రోల్, 14 పెర్ఫార్మెన్స్ టిప్స్, ఈ మూడూ కలిపి ఒక పుస్తకం. ముగ్గురు మాస్టార్లు విడివిడిగా చెప్పినా అర్థం కాని ట్రాన్సాక్షన్ ఐసొలేషన్ నాకు ఆ పదమూడో అధ్యాయం రెండుసార్లు నెమ్మదిగా చదివితే అర్థమైంది, అదీ నెట్ లేని చోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అత్తగారి ఊళ్లో చిక్కుకుపోయాను, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ల చార్జింగ్ అంతా టార్చికీ, మనుషుల క్షేమం కనుక్కోవడానికే దాచుకున్నాం. పగలు కూలిన జీడి, కొబ్బరి చెట్లు తొలగించడంలో ఓ చెయ్యి వేయడం, సాయంత్రం వెలుతురున్నంతసేపూ అరుగు మీద ఈ రీడర్. ఆ వారంలో దాని బ్యాటరీ సగం కూడా అవ్వలేదు.

పుస్తకం పేరులో వెర్షన్ నంబరూ, తయారుచేసిన నెలా తప్పకుండా రాయండి. రెండేళ్ల తర్వాత అది ఏ వెర్షన్‌దో తెలీకపోతే, పాత సంగతిని కొత్తదనుకుని వాదిస్తాం.

కిండిల్‌లోకి ఎక్కించడానికి రెండు దారులు. 2022 నుంచి అమెజాన్ వాళ్ల సెండ్ టు కిండిల్ ఈపబ్‌ని నేరుగా తీసుకుంటుంది, మెయిల్‌లో పంపితే 50 ఎంబీ దాకా, వెబ్ పేజీలో 200 ఎంబీ దాకా. సుఖంగానే ఉంటుంది, కానీ వాళ్లు తమ పద్ధతిలో మళ్లీ మారుస్తారు కాబట్టి మీ సీఎస్ఎస్‌లో కొంత మారొచ్చు. నేను కాలిబర్‌లో కిండిల్ సొంత ఫార్మాట్ ఏజెడ్‌డబ్ల్యూ3గా మార్చి కేబుల్‌తో ఎక్కిస్తాను, నేను పెట్టిన అలంకారం అలాగే ఉంటుంది. ఈపబ్ ఫైలుని కేబుల్‌తో నేరుగా పెడితే మాత్రం కిండిల్ చూడనే చూడదు. కిండిల్ పాత ఫార్మాట్ మోబీ వద్దు, దానికి ఈ సీఎస్ఎస్ చాలావరకు తెలీదు. కోబో రీడర్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, ఈపబ్ అలాగే తెరుస్తుంది.

నిజంగానే పీడీఎఫ్ తప్ప ఇంకేదీ లేని సందర్భాలుంటాయి, చిప్ డేటాషీట్లూ, కొన్ని పాత కంపెనీ మాన్యువళ్లూ. అప్పుడు కూడా ఈపబ్‌గా మార్చే ప్రయత్నం చేయకండి. కే2పీడీఎఫ్‌ఆప్ట్ అని ఉచిత సాధనం ఉంది, అది అక్షరాల్ని గుర్తుపట్టే ప్రయత్నమే చేయదు, పేజీని బొమ్మగా చూసి, అంచులు కోసి, పదాల ముక్కలు కత్తిరించి, మీ తెర వెడల్పుకి తగ్గట్టు మళ్లీ పేరుస్తుంది. కోబోలోనో, పాకెట్‌బుక్ రీడర్‌లోనో కోరీడర్ అనే చదివే యాప్ వేసుకుంటే అదే పని చదివేటప్పుడే చేస్తుంది. కోడ్ దగ్గర ఇదీ తడబడుతుంది, అక్కడ అంచులు మాత్రం కోయించి అడ్డంగా పెట్టి చదువుకోవడమే. మీ పది అంగుళాల ఆలోచనకి అర్థం ఉందంటే ఇలాంటివాళ్లకే, రోజూ డేటాషీట్లతో పనిచేసేవాళ్లకి. మీకు ఆ ఖర్చు ఎందుకు.

ఇంకొక్క మాట, తయారుచేసిన పుస్తకాలు వాట్సాప్ గ్రూపుల్లో పంచే ముందు లైసెన్స్ చూడండి. పైథాన్, పోస్ట్‌గ్రెస్ వాళ్లవి ఉదారంగానే ఉంటాయి. డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ మాన్యువల్ అయితే మీ వరకే ఉంచుకోండి.

ఈ ఆదివారం పదమూడో అధ్యాయం ఒక్కటే చేయండి. వెబ్‌లో అది ఏడెనిమిది పేజీలు, చేత్తో సేవ్ చేసుకున్నా అవుతుంది, డబ్ల్యూగెట్ కూడా అక్కర్లేదు. మెనూలు పీకేసి, సూచిక పేజీ రాసి, ప్రీ-రాప్ పెట్టి, ఏజెడ్‌డబ్ల్యూ3 చేసి సోమవారం రైల్లో తెరవండి. కొత్తవలస వచ్చేలోపు ఎక్కడెక్కడ కన్ను ఆగిందో ఒక కాగితం మీద రాసుకుని సాయంత్రం ఇక్కడ పెడితే, ఏ వరస మార్చాలో చెబుతాను. నా శుభ్రం చేసే స్క్రిప్ట్ కావాలన్నా ఇస్తాను, పోస్ట్‌గ్రెస్ సైటుకి తగ్గట్టు ట్యాగ్ పేరు మాత్రం మీరే మార్చుకోవాలి.